పోలికలో మేమెక్కడ?

మా ఆపా బిడ్డ లా చదివింది. ఎల్‌ఎల్‌ఎం అయ్యాక పరిశోధనలో చేరింది. కొన్నేళ్ల కిందట ఒక సాయంత్రం ఫోన్ చేసి "మామూ, నా పేపర్ తీసుకున్నరు" అంది. ఖులా మీద రాసిన పేపరది. భార్య తనంతట తాను కోరి పెళ్లి తెంచుకునే హక్కు ఈజిప్టులో ఎట్లా ఉంది, పాకిస్తాన్‌లో ఎట్లా ఉంది, మన దగ్గర ఎట్లా ఉంది అని మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసింది. విదేశంలో యువ పరిశోధకుల సదస్సు. ఇంట్లో మిఠాయి తెప్పించారు. మా అమ్మకు సదస్సు అంటే ఏమిటో తెలీదు గానీ "మా మనవరాలు పరదేశంల తఖ్రీర్ చేస్తది" అని గల్లీ అంతా చెప్పుకొచ్చింది.

అమ్మాయి వెళ్లలేదు. టికెట్టు, వీసా రుసుము, నాలుగు రాత్రుల గది అన్నీ ఎవరికి వాళ్లే చూసుకోవాలి. మా బావ ఏడాది సంపాదనలో అది ఎంత భాగమో లెక్క వేసి కాగితం మడిచి పక్కన పెట్టాం. అయితే ఆమెను నిజంగా కుంగదీసింది డబ్బు కాదు. కార్యక్రమాల పట్టిక వచ్చిన రోజు నాకు చూపించింది. విడాకుల చట్టాల మీద ఒక గోష్ఠి ఉంది. అందులో ఫ్రాన్స్, జర్మనీ, బ్రెజిల్ ఉన్నాయి. ఈమె పేపరు అందులో లేదు. మర్నాడు మధ్యాహ్నం "ఇస్లాం, స్త్రీలు" అన్న గోష్ఠిలో ఉంది. "నేను విడాకుల చట్టం మీద రాసిన మామూ. వాళ్లు నన్ను ఇస్లాం డబ్బాల పెట్టిన్రు" అంది. ఆ సదస్సు పేరు ఇక్కడ అనవసరం. ఏ సదస్సయినా దాదాపు అదే పట్టిక వేసి ఉండేది.

నేను లాయర్ని కాను. బీఏ చదివి, పగలు తెలుగులో, రాత్రి ఉర్దూలో వార్తలు రాసుకునే మనిషిని. పాతికేళ్లుగా జీవోలు చదవడం అలవాటు. జీవోలో ఏముందో చూడటం కంటే ఎవరిని వదిలేశారో చూడటం మా వృత్తి నేర్పిన విద్య. ఆ కళ్లతోనే, ఇట్లాంటి సదస్సులు కుర్ర పరిశోధకులకు పంపే పిలుపులు కొన్ని తెప్పించుకుని చదివాను. ఈ వ్యాసం ఆ చదువు ఫలితం.

తులనాత్మక న్యాయశాస్త్రం అని పెద్ద పేరు పెట్టారు గానీ విషయం చిన్నదే. ఒక దేశం, ఒక జాతి, ఒక మతం తన చిక్కును చట్టంతో ఎట్లా విప్పుకుందో, అదే చిక్కును ఇంకొకరు ఎట్లా విప్పుకున్నారో పక్కపక్కన పెట్టి చూడటం. 1900లో పారిస్‌లో దీనికోసం మొదటి అంతర్జాతీయ మహాసభ జరిగింది. లాంబేర్, సలేయ్ అనే ఫ్రెంచి ఆచార్యులు దానికి పూనుకున్నారు. 1924లో హేగ్ నగరంలో అంతర్జాతీయ అకాడమీ పుట్టింది. 1932 నుంచి దాని మహాసభలు జరుగుతున్నాయి. 2018లో జపాన్‌లోని ఫుకువోకాలో, 2022లో పరాగ్వేలోని అసున్సియోన్‌లో జరిగాయి. అక్కడ ఒక్కో అంశం మీద ఒక్కో దేశం తరఫున ఒక నివేదకుడు ఉంటాడు. దేశం మొత్తానికీ ఒక గొంతు! నూట నలభై కోట్ల మందికి పెళ్లిళ్లు ఎన్ని తీర్లుగా అవుతాయో, ఎన్ని తీర్లుగా తెగుతాయో ఒక్క నివేదికలో చెప్పాలి. ఆ నివేదికలో మేం ఒక పేరాగ్రాఫ్ అవుతాం. గిరిజనులైతే ఒక వాక్యం.

అమెరికాలో 1951లో పుట్టిన తులనాత్మక న్యాయశాస్త్ర సంఘానికి యువ పరిశోధకుల విభాగం ఒకటి ఉంది. 2012లో వాషింగ్టన్‌లో తొలి సదస్సు పెట్టుకుంది. బోధనలోకి వచ్చి పదేళ్లు దాటనివాళ్లు ఎవరైనా, ఏ దేశం నుంచైనా పేపరు పంపొచ్చన్నది దాని పద్ధతి. పెద్దలు కుర్రవాళ్ల పేపరు ముందే చదివి వచ్చి మాట్లాడతారు. నమోదుకు రుసుము లేదు. దారి ఖర్చులు మాత్రం ఎవరివి వారివే. నిజంగా కష్టంలో ఉన్న కొద్దిమందికి కొంత సాయం ఉంటుంది. ఈ మాత్రం మన దగ్గర చేసేవాళ్లు తక్కువ కాబట్టి తీసిపారేయను. 2017లో ఆ సదస్సు ఇస్తాంబుల్‌లోని కోచ్ యూనివర్సిటీలో జరిగింది. అదే ఏడాది జనవరిలో ఏడు ముస్లిం దేశాల మనుషులకు అమెరికా తలుపు మూస్తూ అక్కడి అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. రెండింటికీ సంబంధం ఉందని అనను. స్థలం ముందే ఖాయమై ఉంటుంది. కానీ ఒక ఇరానీ అమ్మాయికో, సూడాన్ కుర్రాడికో ఆ ఏడు సదస్సు ఏ ఊళ్లో పెట్టారన్నది ప్రాణంతో సమానమైన సంగతి.

పిలుపులో "అందరూ" అన్న మాట ఉంటుంది. భాష ఇంగ్లీషు. సారాంశం ఇంగ్లీషు. మూలాలు ఇంగ్లీషు పుస్తకాల నుంచి ఇస్తే సరే, అరబ్బీ ఫత్వా నుంచి ఇస్తే ఎవరు సరిచూడాలి? కాబట్టి పిల్లలు మనసులోనే కత్తిరించుకుంటారు. తమకు తెలిసిన ఉర్దూ, అరబ్బీ మూలాన్ని పక్కన పెట్టి, దాని మీద ఒక ఇంగ్లీషు దొర రాసిన దాన్ని ఉటంకిస్తారు. అసలు కంటే నకలుకు విలువ ఎక్కువ.

ఈ నకలు కథ పాతది. 1772లో వారన్ హేస్టింగ్స్ ముస్లింలకు ఖురాన్, హిందువులకు శాస్త్రం అని గీత గీశాడు. 1791లో హామిల్టన్ హిదాయాను ఇంగ్లీషులోకి తెచ్చాడు. అదీ అరబ్బీ మూలం నుంచి కాదు, పారసీ అనువాదం నుంచి. నకలుకు నకలు. కోర్టుల్లో జడ్జీల పక్కన కూచుని చట్టం చెప్పే మౌల్వీలను, పండితులను 1864లో పంపేశారు. ఇక ఆ పుస్తకాలే మౌల్వీలు, ఆ పుస్తకాలే పండితులు. ఊపిరున్న ఒక వాదం, ఇద్దరు ముఫ్తీలు రెండు తీర్లుగా చెప్పగలిగిన ఒక సంప్రదాయం, అచ్చయిన సెక్షన్లుగా గడ్డకట్టింది. పోలిక శాస్త్రానికి వలస వాసన ఉందని మన ఉపేంద్ర బక్షి 2003లో ఒక సంకలనంలో రాశాడు. ఆయన రాసింది పెద్ద సిద్ధాంతం. నేను చూసింది మా పిల్ల పేపరుకు దొరికిన గది.

పోల్చడం మాకెవరో కొత్తగా నేర్పాలా? నలుగురు ఇమాములు నాలుగు తీర్లుగా చెప్పారన్నది మదర్సాలో పిల్లలకు కూడా తెలుసు. ఇఖ్తిలాఫ్ అని ఒక పూర్తి విద్యే ఉంది. పన్నెండో శతాబ్దంలో కార్డోబాలో ఖాజీగా చేసిన ఇబ్న్ రుష్ద్, బిదాయతుల్ ముజ్తహిద్‌లో ఒక్కో మసలా తీసుకుని ఎవరు ఏమన్నారు, ఎందుకు వేరుపడ్డారు అని వరసగా చెప్పుకుంటూ పోయాడు. ఎందుకు వేరుపడ్డారు అన్నది చూడండి, ఈ శాస్త్రానికి అదే ప్రాణం. సర్ అబ్దుర్ రహీం 1907లో కలకత్తాలో ఠాగూర్ లా లెక్చర్లు ఇచ్చాడు. నాలుగు మజ్‌హబ్‌ల న్యాయసూత్రాల మీద ఆయన పుస్తకం 1911లో వచ్చింది. అప్పటికి ఆయన మద్రాసు హైకోర్టు జడ్జి. అంటే మన కోస్తా, సీమ జిల్లాల దావాలు కూడా ఆ కోర్టుకే పోయేవి.

ఇక హైదరాబాదు. 1888లో పెట్టిన దాయిరతుల్ మఆరిఫ్ ఇప్పటికీ ఉస్మానియా ఆవరణలో ఉంది. విద్యార్థులు దాని ముందు నుంచే నడిచిపోతారు, అదేమిటో చాలామందికి తెలీదు. షైబానీ రాసిన సియర్, అంటే యుద్ధం, సంధి, రాయబారాల చట్టం, దాని మీద సరఖ్సీ రాసిన వ్యాఖ్య నాలుగు సంపుటాలుగా 1916-17 ప్రాంతంలో ఇక్కడే అచ్చయింది. ఆ ఊళ్లో, ఆ పుస్తకాల మధ్య 1908లో పుట్టిన ముహమ్మద్ హమీదుల్లా ఉస్మానియాలో లా చదివాడు. జర్మనీలోని బాన్‌లో ఇస్లామిక్ అంతర్జాతీయ చట్టం మీద డాక్టరేట్ తీసుకున్నాడు. 1935లో పారిస్‌లో ఇంకొకటి తీసుకున్నాడు. తిరిగొచ్చి ఉస్మానియాలో పాఠాలు చెప్పాడు. ఆయన రాతలను ఇక్కడి నుంచే వచ్చే ఇస్లామిక్ కల్చర్ పత్రిక అచ్చేసింది. 1927లో పుట్టిన పత్రిక అది, తొలి సంపాదకుడు పిక్తాల్. ముప్పయ్యేళ్లు నిండని కుర్రాడు బాన్‌లో పోలిక చేసేవాడుగా నిలబడ్డాడు, పోలికకు దొరికిన వస్తువుగా కాదు. వెనక ఒక యూనివర్సిటీ, ఒక ముద్రణాలయం, ఒక పత్రిక ఉన్నాయి కాబట్టి.

నిజాం కాలాన్ని నెత్తిన పెట్టుకోవడం నా ఉద్దేశం కాదు. ఆ ఖజానాలోకి డబ్బు ఏ రైతు వీపు మీంచి వచ్చిందో మాకూ తెలుసు. ఆ ఉర్దూ చదువు తెలుగు పల్లెల పిల్లలకు, వాళ్లలో తెలుగు తప్ప రాని దూదేకుల పిల్లలకు, ఎంత దూరంలో ఉండేదో కూడా తెలుసు. హమీదుల్లా 1948లో హైదరాబాదు ప్రతినిధి బృందంతో వెళ్లి పారిస్‌లో ఉండిపోయాడు, 2002లో అమెరికాలో కన్నుమూశాడు. ఆయన పోయాక ఆ గది కూడా మూతపడినట్టే అయింది. మా పిల్ల ఎల్‌ఎల్‌ఎం పూర్తి చేసే దాకా ఆయన పేరు వినలేదు. నేను చెబితే విన్నది. ఈ తప్పు ఎవరిది?

పోలిక ఒక ప్రాణాన్ని ఎట్లా కాపాడుతుందో చెప్పే ఉదంతం ఒకటుంది. దాని దగ్గర కాస్త ఆగాలి. బ్రిటిష్ కాలంలో, ముఖ్యంగా పంజాబులో, మొగుడు కొట్టినా, వదిలేసి పోయినా విడిపోయే దారిలేని ముస్లిం స్త్రీలు మతం మారామని కోర్టులో చెప్పడం మొదలుపెట్టారు. ఎందుకంటే హనఫీ ఫిఖ్‌లో భార్య మతం వదిలితే నికా తెగుతుంది. మొగుడు మాయమైతే అదే ఫిఖ్ ప్రకారం అతని ఈడువాళ్లంతా చనిపోయే వయసు దాకా ఎదురుచూడాలి. ఇరవై ఏళ్ల పిల్ల ముసలిదయ్యే దాకా. అప్పుడు దేవబందీ ఆలిం మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ ఏం చేశాడు? మదీనాలోని మాలికీ ముఫ్తీలకు రాసి అడిగించాడు. మాలికీ ఫిఖ్‌లో నాలుగేళ్లు చాలు. ఆ జవాబులతో 1930ల తొలినాళ్లలో ఒక పుస్తకం తెచ్చాడు. నిస్సహాయురాలైన భార్య కోసం ఉపాయం అని దాని పేరుకు అర్థం. కాజ్మీ ప్రవేశపెట్టిన బిల్లు 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టమైంది. మొగుడి ఆచూకీ నాలుగేళ్లు తెలియకపోతే, రెండేళ్లు పోషణ ఇవ్వకపోతే భార్య కోర్టుకు పోవచ్చు. మతం వదిలినంత మాత్రాన పెళ్లి తెగదని కూడా అందులోనే రాశారు. మౌల్వీల కంగారు అక్కడ ఉంది, దాచను. అయినా మన దేశంలో ఇవాళ్టికీ అమల్లో ఉన్న ఆ చట్టం, ఒక ముఫ్తీ ఇంకో మజ్‌హబ్ తలుపు తట్టడం వల్ల వచ్చింది. తులనాత్మక న్యాయశాస్త్రం అంటే ఇది కాకపోతే మరేది? ఏ గోష్ఠిలో పెడతారు దీన్ని, ఇస్లాం డబ్బాలోనేనా?

అయితే ఒకటి. ఆ ఉత్తరాలు రాసింది మగవాళ్లు, జవాబిచ్చింది మగవాళ్లు. ఎవరి పెళ్లి గురించో వాళ్లు ఆ గదిలో లేరు.

1985 తర్వాత పోలిక చేతికర్ర అయింది. ఆ ఏప్రిల్ 23న వచ్చిన షాబానో తీర్పు చివర పాకిస్తాన్ వివాహ, కుటుంబ చట్టాల కమిషన్ నివేదిక కనిపిస్తుంది. అక్కడే చేశారు, మీకేం అన్నట్టుగా. ఆ కమిషన్ 1955లో ఎందుకు పుట్టిందో తీర్పులో లేదు. ప్రధానమంత్రి మహమ్మద్ అలీ బోగ్రా రెండో పెళ్లి చేసుకుంటే అక్కడి ఆడవాళ్లు ఊరుకోలేదు, అందుకు పుట్టింది. 2017 ఆగస్టు 22న షాయరా బానో తీర్పులో జస్టిస్ ఖేహర్ ఏకంగా జాబితా ఇచ్చారు. అరబ్బు దేశాలు, ఆగ్నేయాసియా దేశాలు, ఉపఖండం, దేశం పేరు, చట్టం పేరు, సెక్షన్. తాహిర్ మహమూద్ పుస్తకం నుంచి తీసుకున్నది. తాహిర్ మహమూద్ ఏళ్ల తరబడి ఒక్కో దేశపు చట్టం సేకరించి పెట్టిన మనిషి, ఆ కష్టానికి సలాం. కానీ కోర్టులోకి వచ్చేసరికి అది హాజరు పట్టీ అయింది. ట్యునీషియా హాజరు, ఈజిప్టు హాజరు, పాకిస్తాన్ హాజరు, ఇండియా ముస్లిం గైర్హాజరు. ఆ రాత్రి ఉర్దూ పత్రికకు ఆ జాబితా అనువదించింది నేనే. అనువదిస్తూ అనుకున్నాను: మెజారిటీగా ఉన్న ముస్లిం తన పార్లమెంటులో తన చట్టాన్ని మార్చుకోవడం, మైనారిటీగా ఉన్న ముస్లిం చట్టాన్ని ఇంకెవరో మార్చడం, ఈ రెండూ ఒకే గడిలో ఎట్లా పడతాయి? 2019 చట్టం తలాక్ చెప్పిన మగవాణ్ని మూడేళ్ల దాకా జైలుకు పంపుతుంది. భార్యను ఏమీ చెప్పకుండా వదిలేసి పోయిన మగవాడు ఏ మతంలో ఉన్నా అందుకు అతన్ని ఏ చట్టం జైలుకు పంపుతోంది? ఈ పోలిక ఎవరు చేయాలి? చేసిన పిల్లను ఏ గదిలో కూచోబెడతారు?

మన దేశంలో పేపర్లు చదివే అవకాశం తక్కువేం లేదు, ఎక్కువై చచ్చింది. 2016 యూజీసీ నిబంధనల్లో పీహెచ్‌డీ సమర్పించే ముందు రెండు సెమినార్ పేపర్లు తప్పనిసరి చేశారు. 2022 నిబంధనల్లో తీసేశారు. ఈ మధ్యలో రుసుము కట్టు, పది నిమిషాలు చదువు, సర్టిఫికెట్ పట్టుకుపో అన్న దుకాణాలు వీధివీధినా వెలిశాయి. వినేవాడు ఉండడు. అధ్యక్షుడు గడియారం చూస్తాడు. మా పిల్ల ఒకచోట చదువుతుంటే ముందు వరుసలో ఉన్నవాళ్లు లేచి భోజనానికి పోయారు. ఇంకొకచోట ఒకాయన ప్రశ్న వేశాడు, పేపరు మీద కాదు, "మీ ఇంట్లో ఎంతమంది పిల్లలమ్మా?" అని. ఇక 2009లో మొదలైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్ మైనారిటీ పరిశోధక విద్యార్థులకు ఒక ఊతం. 2022-23 నుంచి దాన్ని ఆపేశారు. ఇతర పథకాలతో కలిసిపోతోందని పార్లమెంటులో కారణం చెప్పారు. మా బావ మడిచి పెట్టిన కాగితం వెనక ఈ జీవో కూడా ఉంది.

సెక్యులర్ మిత్రులతో ఒక మాట. మీ సభల్లో మాకు చోటిస్తారు, కాదనను. ఉమ్మడి పౌరస్మృతి మీద సభ అయితే మమ్మల్ని పిలుస్తారు. భూమి చట్టం మీద, కార్మిక చట్టం మీద పిలవరు. మా పిల్ల గోవా సివిల్ కోడ్ మీద మాట్లాడుతుందంటే ఆశ్చర్యపోతారు. దేశమంతటికీ ఆదర్శంగా చూపే ఆ కోడ్ వెనక, కొన్ని షరతుల మీద హిందూ భర్తకు రెండో పెళ్లి అనుమతించిన పోర్చుగీసు కాలపు నియమం ఉందని ఆమె చెబితే నమ్మరు.

మా పెద్దలతోనూ ఒక మాట. మదర్సాలో ఇఖ్తిలాఫ్ చదివిన కుర్రాడికి రాజ్యాంగం తెలీదు. లా కాలేజీ పిల్లకు అరబ్బీ రాదు. ఇద్దరూ ఒకే బస్తీలో ఉంటారు, ఒకరి మొహం ఒకరు చూడరు. పర్సనల్ లా అనగానే గడ్డాల వరుస వేదికెక్కుతుంది. ఆడపిల్ల పేపరు చదువుతానంటే "బేటీ, తర్వాత చూద్దాం" అంటారు. ఆ తర్వాత రాదు, కోర్టు తీర్పు వస్తుంది. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఖులా భార్యకున్న సంపూర్ణ హక్కనీ, దానికి భర్త ఒప్పుకోలు అవసరం లేదనీ తేల్చింది. పాకిస్తాన్ సుప్రీంకోర్టు 1967లో, ఈజిప్టు 2000లో ఈ చోటికి వేరే దారుల్లో వచ్చాయి. మా పిల్ల పేపరులో ఉన్నవి ఈ దారులే. వేదిక మీది పెద్దలకు అది వినిపించి ఉంటే ఈ పని కోర్టు కంటే ముందు మనమే చేసుకుని ఉండేవాళ్లం కదా!

పోలిక కోసం విదేశం పోనక్కర లేదని ఆమెకు నేను చెబుతుంటాను. మా ఊళ్లో పక్కింటివాళ్లు మేనమామకు పిల్లనిచ్చారు. హిందూ వివాహ చట్టం నిషేధించిన వరస అది, కానీ ఆచారం ఉంటే చెల్లుతుందని అదే చట్టం వెసులుబాటు ఇచ్చింది. తెలుగు దేశమంతా ఆ వెసులుబాటు మీద పెళ్లిళ్లు చేసుకుంటోంది. మాకు అది హరాం. వాళ్లు నవ్వుతూ నా పక్కనున్న ఆపా బిడ్డను చూసి "మేనకోడలుంది గదా, ఇంకేంది" అంటే మా అమ్మ తోబా తోబా అని చెంపలేసుకునేది. చిన్నాన్న కొడుకును చేసుకుంటారని వాళ్లు మమ్మల్ని ఈసడించుకునేవాళ్లు. ఒకే గోడకు రెండు పక్కల రెండు చట్టాలు. నూరేళ్లుగా కలిసి నీళ్లు తోడుకున్నాం.

పోయిన రంజాన్ తర్వాత ఒక మిత్రుడి ప్రింటింగ్ ప్రెస్సు వెనక గదిలో ఆమె ఆ పేపరు చదివింది. పదిహేడు మందిమి. ఇద్దరు లాయర్లు, కొందరు టీచర్లు, మా అమ్మ, గల్లీ ఆడవాళ్లు నలుగురు, దగ్గరి మసీదు నుంచి ఒక యువ ముఫ్తీ. సగం తెలుగులో, సగం ఉర్దూలో చదివింది. యంత్రం ఆపినా సిరా వాసన పోలేదు. అయ్యాక గల్లీ ఆడవాళ్లలో ఒకామె "మరి మెహర్ తిరిగిచ్చేయాల్నా బిడ్డా, నా మొగుడు నాకు ఇయ్యనే లేదు గదా?" అంది. లాయర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముఫ్తీ చాలాసేపు తల దించుకుని, జేబులోంచి కలం తీసి, ఈజిప్టు చట్టంలో దీనికి ఏం రాశారు, మాలికీలు దీనికి ఏమంటారు, నువ్వు చూశావా అని మా పిల్లను అడిగాడు. "రేపు చూసి చెప్తా" అని ఆమె ఆ ప్రశ్నను పేపరు వెనక రాసుకుంది.